ఆటలో అందరి వంతు

పాఠం గురించి

అభ్యాసకులారా! కథలు, లేఖలు, జీవిత చరిత్రలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఇప్పుడు మీరు చదవబోయేది అభిప్రాయ వ్యాసం. ఇటువంటి వ్యాసంలో రచయిత ఒక సమస్యను ఎత్తుకొని, దానిపై తన మాట చెప్పి, అందుకు కారణాలు చూపుతారు. ఎదుటివారి వాదాన్ని కూడా వినిపిస్తారు. చదివినవారంతా ఒప్పుకోవాలని లేదు. కాని ఎందుకు ఒప్పుకోరో చెప్పగలగాలి. ఆ దృష్టితో ఈ పాఠం చదవండి.

ఈ పాఠం చదివాక మీరు:
• ఒక సమస్యకు ఉన్న రెండు పక్షాలను గుర్తించగలుగుతారు.
• అభిప్రాయానికి ఆధారంగా లెక్కను, ఉదాహరణను ఎలా వాడతారో తెలుసుకుంటారు.
• మీ ఊరి జట్టుకు పనికివచ్చే ఒక నియమాన్ని సొంతంగా రాయగలుగుతారు.

1. సమస్య ఏమిటి?

బాసగూడ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బీజాపూర్ జిల్లాలో, తాలిపేరు నది ఒడ్డున ఉంది. ఆ నదే కిందికి పారి, తెలంగాణలో చర్ల ప్రాంతాన్ని తడిపి, గోదావరిలో కలుస్తుంది. నీళ్ళలాగే మనుషులూ మాటలూ కూడా అటూ ఇటూ సాగే చోటు అది. గోండి, దోర్లి, తెలుగు, హిందీ అక్కడ పక్కపక్కనే వినిపిస్తాయి.

అటువంటి ఊరిలో యువకులు కలిసి ఒక హాకీ జట్టు కట్టుకున్నారనుకుందాం. పదహారు మంది పేర్లు ఇచ్చారు. అందరూ తలా కొంత వేసుకొని కర్రలు, బంతి కొన్నారు. సాయంత్రాలు అందరూ సాధన చేశారు. పోటీ రోజు వచ్చింది. హాకీలో ఒక జట్టు తరఫున మైదానంలో ఉండేది పదకొండు మందే. మిగిలిన ఐదుగురు గట్టు మీద కూర్చున్నారు. రెండో ఆటలోనూ ఆ ఐదుగురే కూర్చున్నారు. మూడో ఆటలోనూ అంతే. వాళ్ళ పని నీళ్ళు అందించడం, చెప్పులకు కాపలా కాయడం, గోలు పడితే చప్పట్లు కొట్టడం.

ఇది న్యాయమా? "మంచి ఆటగాళ్ళు ఆడాలి, అప్పుడే గెలుస్తాం" అని కొందరంటారు. "సాధనకు వచ్చినవాళ్ళందరికీ ఆడే హక్కు ఉంది" అని మరికొందరంటారు. మీరు ఏ పక్షం?

నా అభిప్రాయం ముందే చెప్తాను. సరదాకోసం, ఆరోగ్యంకోసం, ఊరి కలయికకోసం ఆడే ఆటలో, సాధనకు వచ్చిన ప్రతి ఒక్కరికీ కనీసం సగం ఆట దక్కాలి. ఆ వంతు ఇచ్చాక మిగిలిన సమయాన్ని గెలుపుకోసం ఎలా వాడుకోవాలో కెప్టెన్ ఇష్టం. ఈ రెండూ కలవవని చాలామంది అనుకుంటారు. కలుస్తాయని లెక్క చెబుతుంది.

2. లెక్క చేసి చూద్దాం

హాకీ ఆట 60 నిమిషాలు. ఒక్కొక్కటి 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. వాటిని క్వార్టర్లు అంటారు. మైదానంలో పదకొండు మందిలో ఒకరు గోల్‌కీపర్. ఆ ఒక్కరిని పక్కన పెడితే పది మంది ఉంటారు.

పది మంది, ఒక్కొక్కరికి 60 నిమిషాలు. మొత్తం 600 నిమిషాలు. జట్టులోని పంచుకోదగిన ఆస్తి ఇదే.

పదహారు మందిలో గోల్‌కీపర్ పోగా మిగిలింది పదిహేను మంది. 600 నిమిషాలను సమానంగా పంచితే తలా 40 నిమిషాలు వస్తాయి. కాని మనం సమానంగా పంచాలని అనడం లేదు. తలా సగం ఆట, అంటే 30 నిమిషాలు, ఖాయం చేద్దాం. పదిహేను మందికి 30 చొప్పున 450 నిమిషాలు. ఇంకా 150 నిమిషాలు మిగిలాయి. వీటిని జట్టులోని ఐదుగురు మేటి ఆటగాళ్ళకు 30 చొప్పున ఇస్తే వాళ్ళు 60 నిమిషాలూ ఆడతారు.

ఒకసారి ఫలితం చూడండి. ఐదుగురు మేటి ఆటగాళ్ళు ఆట మొత్తం ఆడారు. మిగతా పది మందీ సగం ఆట ఆడారు. గట్టు మీదే ఉండిపోయినవారు ఒక్కరూ లేరు.

దీన్ని అమలు చేయడం కూడా కష్టం కాదు. ఆ పది మందిని ఐదుగురు చొప్పున రెండు వరసలుగా చేయండి. మొదటి వరస ఒకటో, మూడో క్వార్టర్లలో ఆడుతుంది. రెండో వరస రెండో, నాలుగో క్వార్టర్లలో ఆడుతుంది. ప్రతి వరసలోనూ బంతి ఆపేవాళ్ళు, బంతి తీసుకుపోయేవాళ్ళు ఇద్దరూ ఉండేలా చూసుకోండి. బలమైనవాళ్ళందరినీ ఒకే వరసలో పెడితే రెండో వరస ఆడే సమయంలో జట్టు కూలిపోతుంది.

మీ ఊరి ఆట 30 నిమిషాలే అయితే అన్నిటినీ సగం చేయండి. పేర్లు ఇచ్చినవారు ఇరవై మంది దాటితే ఈ లెక్క బిగుసుకుపోతుంది. అప్పుడు రెండు జట్లు కట్టడమే మంచిది. స్థలం చిన్నదైతే ఐదుగురేసి ఆడే హాకీ కూడా ఉంది. దానికి 2024 జనవరిలో ఒమన్ దేశంలోని మస్కట్‌లో ప్రపంచకప్ పోటీలే జరిగాయి.

పరీక్షించుకోండి – 1
(అ) పదహారు మంది జట్టులో గోల్‌కీపర్ కాక మిగిలినవారికి 600 నిమిషాలను సమానంగా పంచితే తలా ఎన్ని నిమిషాలు వస్తాయి?
(ఆ) అందరికీ 30 నిమిషాలు ఖాయం చేశాక కెప్టెన్ చేతిలో ఎన్ని నిమిషాలు మిగులుతాయి?

3. హాకీ నియమమే మనకు సాయం

క్రికెట్‌లో గాయపడినవాడి బదులు ఫీల్డింగ్‌కు వచ్చిన మామూలు సబ్‌స్టిట్యూట్ బ్యాటు పట్టడానికి వీల్లేదు. పెద్ద ఫుట్‌బాల్ పోటీలలో బయటికి వచ్చిన ఆటగాడు ఆ ఆటలో మళ్ళీ లోపలికి పోలేడు. హాకీ అలా కాదు. 1990ల నుంచి హాకీలో ఆటగాళ్ళను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. బయటికి వచ్చినవాడు ఊపిరి తీసుకొని మళ్ళీ దిగవచ్చు. బయటివాడు గీత దాటి వచ్చాకే లోపలికి పోవాలి, మైదానంలో పదకొండు మందికి మించకూడదు, పెనాల్టీ కార్నర్ సమయంలో మార్పిడి చేయకూడదు. ముఖ్యమైన హద్దులు ఇంతే.

కాబట్టి "మార్చడం కుదరదు" అనే సాకు హాకీలో చెల్లదు. పెద్ద జట్లు కూడా తమ ఫార్వర్డులను కొద్ది నిమిషాలకొకసారి బయటికి పిలిచి, అలసట తీరాక మళ్ళీ పంపుతాయి. వాళ్ళు అది న్యాయంకోసం చేయరు, గెలుపుకోసమే చేస్తారు. అలసిన కాలు బంతిని ఆపలేదు. ఎండ మండే మన ప్రాంతాలలో ఈ మాట ఇంకా నిజం.

మన సొంత ఆటలను కూడా తలచుకోండి. కబడ్డీలో ఔటైనవాడు శాశ్వతంగా ఔటు కాదు. తన జట్టు ఎదుటివాడిని ఔట్ చేస్తే, బయట కూర్చున్నవాళ్ళు ఔటైన వరసలోనే తిరిగి లోపలికి వస్తారు. ఖోఖోలో తప్పించుకునే జట్టు ముగ్గురేసి చొప్పున బరిలోకి దిగుతుంది. వంతు అనే మాట మన ఆటలకు కొత్త కాదు.

4. ఎదుటివారి వాదం

ఇప్పుడు రెండో పక్షం మాట వినాలి. అది తీసిపారేయదగినది కాదు.

మొదటి వాదం: "కప్పు తెస్తేనే ఊరికి పేరు." నిజమే. ఒడిశాలోని సుందర్‌గఢ్, జార్ఖండ్‌లోని సిమ్‌డేగా ప్రాంతాలలో ఆదివాసీ పల్లెలు మేకపోతు బహుమతిగా హాకీ పోటీలు పెట్టుకుంటాయి. వాటిని ఖస్సీ పోటీలని పిలుస్తారు. గెలిచినవారికి మేకపోతు, ఆపైన విందు. గెలుపు లేని పోటీలో ఉప్పు ఉండదు. అయితే ఆ పోటీలే మరో సంగతి కూడా చెబుతున్నాయి. విందు పదకొండు మందికే కాదు. గెలుపు ఫలాన్ని పంచుకోవడం తెలిసిన సమాజానికి ఆడే సమయాన్ని పంచుకోవడం కష్టమా?

రెండో వాదం: "బాగా ఆడేవాడి భవిష్యత్తు ఏం కావాలి?" ఇది మరింత బరువైనది. సుందర్‌గఢ్ జిల్లా నుంచి దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్ భారత జట్టుకు ఆడారు. సిమ్‌డేగా జిల్లా నుంచి సలీమా టేటే వచ్చింది. పల్లె మైదానంలో ఒకరి కంట పడితే ఒక జీవితమే మారవచ్చు. చదువు ఆగిపోయిన యువకుడికి ఆట ఒక దారి. ఆ దారిని మూయమని నేను అనను. పై లెక్కలో మేటి ఆటగాళ్ళు ఐదుగురూ ఆట మొత్తం మైదానంలోనే ఉన్నారు. వాళ్ళు కోల్పోయింది ఏమీ లేదు. మారింది పదకొండు మందిలో తక్కిన ఐదు స్థానాల పంపకం మాత్రమే.

మూడో వాదం: "ఆడడం రానివాళ్ళను దింపితే దెబ్బలు తగులుతాయి." ఇందులో సగం నిజం ఉంది. హాకీ బంతి గట్టిది. పెనాల్టీ కార్నర్ వేళ గోలు ముందు కొత్తవాడిని నిలబెట్టడం న్యాయం కాదు, నిర్లక్ష్యం. కాళ్ళకు కట్లు, తలకు రక్షణ లేకుండా ఎవరినీ గోల్‌కీపర్‌గా నిలపకూడదు. కొత్తవాళ్ళకు మైదానంలో ప్రమాదం తక్కువ ఉన్న చోటు ఇవ్వండి. చోటు ఎంచడం కెప్టెన్ తెలివి. చోటే లేదనడం తెలివి కాదు.

5. పెద్ద పోటీల మాట వేరు

మీకు ఒక సందేహం రావచ్చు. ఒలింపిక్ జట్టులో కూడా అందరూ ఆడరు కదా?

ఆడరు. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన తెలుగు అమ్మాయి ఏతిమరపు రజని 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు భారత మహిళల జట్టు రిజర్వు గోల్‌కీపర్. గోలులో నిలిచి ఆడింది సవిత. ఆ జట్టు నాలుగో స్థానం సాధించింది. రజనికి అన్యాయం జరిగిందని ఎవరూ అనరు. అక్కడ ఎంపిక ఎందుకో, నియమం ఏమిటో అందరికీ ముందే తెలుసు. దేశం తరఫున ఆడే జట్టు ఉద్దేశం గెలుపు. ఊరి జట్టు ఉద్దేశం అది ఒక్కటే కాదు. ఉద్దేశం మారితే న్యాయం కూడా మారుతుంది. ఊరి జట్టును ఒలింపిక్ జట్టులాగా నడపడమే తప్పు.

అయినా పెద్ద పోటీ నుంచి ఒక పాఠం నేర్చుకోవచ్చు. 2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో భారత పురుషుల జట్టు బ్రిటన్‌తో ఆడింది. రెండో క్వార్టర్ మొదట్లోనే అమిత్ రోహిదాస్‌కు ఎర్ర కార్డు చూపారు. దాదాపు 43 నిమిషాలు భారత్ పది మందితోనే ఆడింది. ఆట 1–1తో ముగిసింది. షూటౌట్‌లో భారత్ 4–2తో గెలిచింది. సెమీఫైనల్‌లో రోహిదాస్ ఆడడానికి వీల్లేకపోయింది. అప్పుడు మిగతావాళ్ళే ఆ భారం మోయవలసి వచ్చింది. ఎవరు ఎప్పుడు దూరమవుతారో ముందుగా తెలియదు. గట్టు మీద కూర్చున్నవాడికి ఆట అలవాటు లేకపోతే ఆ రోజు జట్టు నిలబడదు.

6. బాసగూడ వంటి చోట ఇది ఎందుకు ముఖ్యం?

2005లో మొదలైన సల్వాజుడుం కాలపు హింసలో బాసగూడ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు ఊళ్ళు విడిచిపోయాయి. కొందరు శిబిరాలకు చేరారు. కొందరు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చారు. ఎన్నో బళ్ళు మూతపడ్డాయి. ఆనాడు చదువు ఆగిన పిల్లలు ఈనాడు పెద్దవాళ్ళు. "నీ వంతు దాటిపోయింది, పక్కకు జరుగు" అనే మాట ఎంత బాధిస్తుందో వాళ్ళకు తెలుసు. ఈ పుస్తకం చేతిలో ఉన్న మీలో చాలామందికి కూడా తెలుసు. బడి బయట ఉండిపోయినవారికి మళ్ళీ వంతు ఇవ్వడానికే సార్వత్రిక విద్య పుట్టింది. అదే మనం ఊరి మైదానంలో మరొకరిని బయట కూర్చోబెడితే ఎలా?

2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మొదటిసారి బస్తర్ ఒలింపిక్స్ నిర్వహించింది. ఏడు జిల్లాల నుంచి సుమారు 1 లక్షా 65 వేల మంది పేర్లు ఇచ్చారు. కబడ్డీ, ఖోఖో, విలువిద్యలతోపాటు హాకీ కూడా అందులో ఉంది. ఆయుధాలు వదిలి వచ్చినవారికి, హింసలో అవయవాలు కోల్పోయినవారికి కూడా అందులో చోటు ఇచ్చారు. అంతమంది పేర్లు ఇచ్చారంటే ఆడాలన్న కోరిక ఎంత ఉందో చూడండి. పై అంచెలకు చేరేది కొద్దిమందే. మిగిలినవాళ్ళ ఆట ఊరిలోనే జరగాలి.

ఊరి జట్లు ఓటమివల్ల చెదిరిపోవు. ఓడిన జట్టు మరుసటి వారం మళ్ళీ ఆడుతుంది. జట్టు చెదిరేది గట్టు మీద కూర్చున్నవాళ్ళు రావడం మానేసినప్పుడు. ఈ ఏడు ఐదుగురు మానేస్తే, వచ్చే ఏడు మేటి ఆటగాళ్ళలో ఇద్దరు పెళ్ళిళ్ళు చేసుకొనో, పనికోసమో ఊరు విడిచిపోతే, మిగిలేది తొమ్మిది మందే. అప్పుడు కప్పు మాట అటుంచి, జట్టే ఉండదు.

7. నియమం ఎలా ఉండాలి?

న్యాయం కెప్టెన్ మంచితనం మీద ఆధారపడకూడదు. అది కాగితం మీద ఉండాలి. నా సూచనలు ఇవి:

(1) నియమం పోటీలకు ముందే, అందరూ కూర్చొని, ఒప్పుకొని రాసుకోవాలి. ఆట మధ్యలో చేసిన నియమం ఎవరో ఒకరికోసం చేసినట్టే ఉంటుంది.

(2) మామూలు ఆటలలో ప్రతి ఒక్కరికీ కనీసం సగం ఆట. ఫైనల్ ఆటలో కనీసం ఒక క్వార్టర్. ఫైనల్‌కు వేరే నియమం కావాలంటే మొదటి రోజే చెప్పాలి.

(3) ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో ఒకరు నోటుపుస్తకంలో రాయాలి. చదవడం, రాయడం నేర్చుకుంటున్నవారికి ఇంతకంటే మంచి అభ్యాసం ఉండదు.

(4) సాధనకు రానివారికి వంతు తగ్గించవచ్చు. కాని కారణం చూడాలి. మిరపకోతకు తెలంగాణ వెళ్ళినవారు, ఇప్పపూలు ఏరడానికి, తునికాకు కోయడానికి వెళ్ళినవారు సోమరులు కారు. ముందుగా చెప్పి వెళ్ళినవారిని హాజరైనట్టే లెక్కించాలి. ఇంటి పనులవల్ల ఆలస్యంగా వచ్చే ఆడపిల్లలకూ ఇదే వర్తించాలి.

(5) అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. పోటీలు పెట్టే పెద్దలే ఈ నియమాన్ని అన్ని జట్లకూ పెట్టాలి. ఒక్క జట్టే అందరినీ ఆడిస్తే, ఆ జట్టు ఒక్కటే నష్టాన్ని మోస్తుంది. అన్ని జట్లూ ఆడిస్తే ఎవరికీ నష్టం లేదు. అప్పుడు ఏ ఊరిలో పదహారు మందీ బాగా తయారయ్యారో ఆ ఊరే గెలుస్తుంది. అది ఐదుగురి గెలుపు కాదు, ఊరి గెలుపు.

సారాంశం

గెలవాలనుకోవడం తప్పు కాదు. ఓడినా పరవాలేదని ఎవరికీ చెప్పనక్కరలేదు. సాధనకు వచ్చిన ప్రతి ఒక్కరికీ కనీస వంతు ఖాయం చేసి, మిగిలిన సమయంతో గెలుపుకోసం పోరాడడమే ఊరి ఆటకు తగిన పద్ధతి. హాకీలో మార్పిడి నియమం ఇందుకు అనువుగా ఉంది. వంతు నియమం ముందే రాసుకోవాలి, అన్ని జట్లకూ ఒకటే ఉండాలి.

పదాలు – అర్థాలు
వంతు = భాగం, వరసలో వచ్చే అవకాశం
మేటి = అందరిలో గొప్ప
బరి = ఆడే చోటు, పోటీ జరిగే చోటు
సాకు = తప్పించుకోవడానికి చెప్పే కారణం
అంచె = మెట్టు, దశ

పరీక్షించుకోండి – 2
(అ) రచయిత ఒప్పుకోని వాదం ఒకటి, సగం ఒప్పుకున్న వాదం ఒకటి రాయండి.
(ఆ) "ఉద్దేశం మారితే న్యాయం కూడా మారుతుంది." ఈ మాటను మీ సొంత ఉదాహరణతో వివరించండి.
(ఇ) మీ ఊరిలో ఆడే ఏదైనా ఒక ఆటకు మూడు వాక్యాలలో వంతు నియమం రాయండి. దాన్ని ఆడేవాళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళు చెప్పిన అభ్యంతరాలను కూడా రాసుకోండి.

జవాబులు
పరీక్షించుకోండి – 1: (అ) 40 నిమిషాలు. (ఆ) 150 నిమిషాలు.
పరీక్షించుకోండి – 2: (అ) బాగా ఆడేవాడి భవిష్యత్తు దెబ్బతింటుందనే వాదాన్ని రచయిత ఒప్పుకోలేదు. కొత్తవాళ్ళను దింపితే దెబ్బలు తగులుతాయనే వాదాన్ని సగం ఒప్పుకున్నారు. (ఆ), (ఇ) ప్రశ్నలకు ఒకే సరైన జవాబు లేదు. మీ జవాబును మీ తోటి అభ్యాసకులతో చర్చించండి.